మోటారు సైకిలుకి జీను

పశువైద్య శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఎవరైనా మా ఇంటికొస్తే, వాళ్ళ మొహం కంటే ముందు నేను వాళ్ళ బండి చూస్తాను. పెట్రోలు ఎంతుందని అడుగుతాను. వాళ్ళు నవ్వేస్తారు. అయిపోతే పోయించుకుంటాం కదండీ, దారి పొడుగునా బంకులే కదా అంటారు. నిజమే, మీకు ఆ బెంగ లేదు. కానీ ఒకప్పుడు తిరువూరు పశువుల ఆసుపత్రి మోటారు సైకిలుని ఎడ్లు కట్టి ఊళ్ళోకి లాక్కొచ్చారు. హ్యాండిలు పట్టుకుని బండి మీద కూర్చున్నది మా డాక్టరుగారు. ఆయన వెనకాల మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. నేను ఆ ఆసుపత్రిలో కాంపౌండరుని. మాది పెనుగొలను. ఇంట్లో పాడి ఉండేది కాబట్టి గేదె నోరు తెరిపించి మందు పొయ్యడం నాకు ఉద్యోగంలో చేరకముందే వచ్చు. డాక్టరుగారిది గోదావరి వైపు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మనుషుల్ని ఎంత మర్యాదగా పలకరించేవారో పశువుల్నీ అంతే మర్యాదగా పలకరించేవారు. ఎద్దుకి సూది వేసే ముందు దాని వీపు నిమిరి, “కొంచెం ఓర్చుకోవాలండి” అనేవారు. మొదట్లో నాకు నవ్వాగేది కాదు. తర్వాత్తర్వాత నాకూ అదే అలవాటైంది.

మా మోటారు సైకిలు యుద్ధంలో వాడి వదిలేసిన మిలిటరీ బండి. రాయీ రప్పా చూసుకోకుండా పొలాల్లో పడి పోయేది, గట్లెక్కేది. దాని చప్పుడు వినిపిస్తే చాలు, ఆడవాళ్ళు ఆరబెట్టిన వడియాలు ఎత్తి లోపల పెట్టేసేవాళ్ళు, అంత దుమ్ము లేపేది. దాంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ట్యాంకు చిన్నది, దాహం పెద్దది. చక్కటి రోడ్డు మీద ఫరవాలేదు గానీ, ఇసకలో, బురదలో, ఏటవాలు దారుల్లో గంటసేపు మూలిగిందంటే ట్యాంకు ఖాళీ. పెట్రోలేమో తిరువూరులో శెట్టిగారి కొట్లో ఒక్కచోటే దొరికేది. బెజవాడ నుంచి పీపాల్లో తెప్పించేవారు. ఊరు దాటి పల్లెల్లోకి దిగితే చుక్క దొరకదు.

ఆ రోజు ఎద్దుకి కాలు విరిగిందంటే పోయి కట్టు కట్టి వస్తున్నాం. తిరువూరు ఇంకా చాలా దూరం ఉందనగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పొలం నుంచి ఎడ్లు తోలుకొస్తున్న రైతు ఒకాయన మమ్మల్ని చూసి జాలిపడి, కాడికి మోకు కట్టి, రెండో కొస బండికి బిగించాడు. ఊళ్ళోకొచ్చేసరికి జనం గుమిగూడారు. “డాక్టరుగారూ, ఎడ్లకి మీ బండి నయం చేస్తుందా, మీ బండికి ఎడ్లు నయం చేస్తున్నాయా?” అని అంగట్లోంచి ఎవరో అరిచారు. డాక్టరుగారు నెత్తిమీది టోపీ తీసి అందరికీ నమస్కారం పెట్టారు. దాంతో ఇంకా నవ్వారు.

ఆసుపత్రిలోకి వచ్చాక మాత్రం ఆయన నవ్వలేదు. “ఇవాళ వస్తూ ఆగిపోయాం కాబట్టి సరిపోయిందయ్యా. రేపు వెళ్తూ ఆగిపోతే? అక్కడ పశువు చస్తూ ఉంటే?” అన్నారు. వానలు పడే కాలం దగ్గర పడుతోంది. తొలకరి వానలకి గొంతువాపు పుడుతుంది. పొద్దున బాగున్న గేదె సాయంత్రానికి గొంతు వాచి, ఊపిరాడక పడిపోతుంది. ఆ జబ్బుకి ముందు చేరినవాడే డాక్టరు. ఆలస్యంగా చేరినవాడు చుట్టం చూపుకి వచ్చినట్టే.

అలా రెండో ట్యాంకు ఆలోచన పుట్టింది.

బజారు చివర రేకు పని చేసే సాయిబు గారు ఉండేవారు. గరాటాలు, దీపాలు, నీళ్ళ డబ్బాలు చేసేవారు. గడ్డం నెరిసింది గానీ హుషారు నెరవలేదు. డాక్టరుగారు చెప్పింది విని, “ట్యాంకు చెయ్యడమెంత పని బాబూ! దాన్ని బండికి నిలపడమే పని. నాలుగు బోల్టులు వేసి బిగించేద్దాం” అన్నారు.

“ఆ ఒక్కటీ కుదరదండీ. ఇది సర్కారు బండి. దీనికి రంధ్రం పెట్టకూడదు, అతుకు పెట్టకూడదు. జిల్లా ఆఫీసరుగారు గట్టిగా చెప్పారు.”

“మరి మంత్రం వేసి నిలబెట్టమంటారా?”

“కట్టాలండీ. కట్టి నిలబెట్టాలి.”

సాయిబు గారు ఒక రేకు డబ్బా చేశారు. కింద ఇత్తడి కుళాయి, పైన మరతో బిగుసుకునే మూత. పెట్రోలు అయిపోతే కుళాయి తిప్పి చెంబులోకి పట్టుకుని బండి ట్యాంకులో పోసుకోవడమే. చూడముచ్చటగా ఉంది. దాన్ని తెచ్చి సీటు వెనక స్టాండు మీద పెట్టి కొబ్బరి తాడుతో కట్టాం. అయితే ఆ స్టాండు మీద గోనె సంచి మడిచి వేసుకుని ఇన్నాళ్ళూ కూర్చున్నది నేను. నా చోటు ట్యాంకుకి పోయింది, నాకు ఆసుపత్రి సైకిలు మిగిలింది.

మోటారు సైకిలు వెనక సైకిలు తొక్కుతూ వెళ్ళడం ఎలా ఉంటుందో చెప్పాలా? దుమ్మంతా నాదే. మందుల పెట్టె నా దగ్గర, డాక్టరుగారు పశువు దగ్గర. ఆయన అక్కడ నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ముందు చేరి ఏం లాభం?

కొబ్బరి తాడు మూడో గతుక్కే వదులైంది. డబ్బా పక్కకి జారి, కుడివైపు వేలాడి, బండిని తనవైపు లాక్కుని, డాక్టరుగార్ని జనప చేలో పడేసింది. ఆయనకేం కాలేదు. లేచి దులుపుకుని, “తాడు సాగుతుందయ్యా. ఇనుము సాగదు” అన్నారు.

ఈసారి ఇనప పట్టీలతో బిగించాం. సాయిబు గారు మరలు తిప్పుతూ ఉంటే నేను చేత్తో ఊపి చూశాను. కదల్లేదు. కొండకి కట్టినట్టుంది. డాక్టరుగారు బండెక్కి విస్సన్నపేట దారిలో ముందు పోయారు. నేను సైకిలు మీద వెనక. కొంత దూరం పోయాక చూస్తే, దుమ్ములో బండి చక్రం గుర్తు పక్కనే తడి గీత ఒకటి కనిపించింది. నీళ్ళేమో అనుకున్నాను. వంగి వాసన చూశాను. పెట్రోలు! తొక్కడం మొదలుపెట్టాను చూడండి, ఆ సైకిలు అంత జోరుగా అంతకుముందు పోలేదు, ఆ తర్వాతా పోలేదు.

మలుపు తిరిగేసరికి బండి దారి పక్కన ఆగి ఉంది. ఎవరో రైతు ఆపి తన ఎద్దు గిట్ట చూడమన్నట్టున్నాడు. డాక్టరుగారు కింద కూర్చుని గిట్ట పట్టుకుని చూస్తున్నారు. ఆ రైతు బండికి జేరబడి, తాపీగా చుట్ట నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల తియ్యబోతున్నాడు.

“బాబాయ్! ఆ చుట్ట తియ్! తియ్యి చుట్ట!” అని అరుచుకుంటూ సైకిలు వదిలేసి మీద పడ్డాను.

“నా చుట్టతో నీకేం పనిరా? ఎవడ్రా నువ్వు?” అని ఆయన గద్దించాడు.

అప్పటికి డాక్టరుగారికి కూడా వాసన తగిలింది. లేచి చూస్తే డబ్బా అతుకు విడిపోయి పెట్రోలు కారుతోంది. ఆ రైతుకి విషయం తెలిశాక చుట్టా అగ్గిపెట్టే రెండూ నా చేతిలో పెట్టి, ఎద్దుని తోలుకుని గిట్ట సంగతి మర్చిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు ఎద్దుతో ఆసుపత్రికి వచ్చాడు, బండిని దూరంగా పెట్టిస్తేనే లోపలికి వస్తానన్నాడు.

సాయిబు గారు చాలా నొచ్చుకున్నారు. డబ్బాని నీళ్ళతో కడిగి కడిగి, నిండా నీళ్ళు నింపి, అతుకు మీద వేలుతో తడుముతూ, “నా అతుకు ఇట్టా విడదు తమ్ముడూ. ఇనుము కదలకుండా పట్టుకుంది. బండేమో వణుకుతూనే ఉంది. ఆ వణుకంతా రేకు మీద పడింది. వదిలేస్తే జారుతుంది, పట్టుకుంటే చిరుగుతుంది. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు” అన్నారు. డాక్టరుగారికీ తోచలేదు. తోచనప్పుడు ఆయన ముక్కు కొస గోక్కునేవారు. ఆ వారమంతా ఆయన ముక్కు ఎర్రగానే ఉంది.

అలాంటి ఒక పొద్దున జట్కా తోలే ఆయన తన గుర్రాన్ని తీసుకుని వచ్చాడు. పొట్టిగా, బొద్దుగా ఉండేవాడు. బస్సు స్టాండు నుంచి శెట్ల ఇళ్ళకి చుట్టాల్ని చేరేసేవాడు. గుర్రం వీపు మీద జీను ఒరుసుకుని పుండు పడింది. నేను వేడినీళ్ళు తెచ్చాను. డాక్టరుగారు పుండు కడుగుతూ ఆయన్ని మందలించడం మొదలుపెట్టారు.

“ఇంత బిగించేస్తే ఎలాగండీ?”

“వదులుగా ఉంటే జారిపోతది బాబూ. అందుకని లాగి కట్టాను.”

“లాగి కడితే జారదు గానీ ఒక్కచోటే ఒరుస్తుంది. గుర్రం నడుస్తుంటే దాని ఒళ్ళు కదులుతుంది కదండీ. మీ జీను కూడా దాంతో పాటు కదలాలి. కింద మెత్తగా గొంగళి ముక్క వెయ్యాలి. బరువు ఒక్కచోట కాకుండా రెండు పక్కలా సమంగా పడాలి. తోలు పట్టీ పొట్ట కిందుగా తిప్పి కట్టాలి. అప్పుడు అది ఎంత ఊగినా ఇది...”

ఆగిపోయారు. చేతిలో దూది, దూదిలోంచి మందు గుర్రం మీద కారుతోంది. ఆయన గుర్రం వైపు చూడ్డం లేదు. కిటికీలోంచి వసారాలో ఉన్న మోటారు సైకిలు వైపు చూస్తున్నారు.

“ఏవయ్యా,” అన్నారు నాతో. “మన బండికి పడింది కూడా ఇదే పుండయ్యా!”

జట్కా ఆయన కంగారుపడ్డాడు. “ఇది అంటురోగమా బాబూ?” అన్నాడు. ఆసుపత్రిలో అంత గట్టి నవ్వు నేను వినడం అదే మొదటిసారి. డాక్టరుగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ గుర్రానికి మాత్రం పూర్తిగా మందు రాసి, కట్టు సరిగ్గా వేసి, అప్పుడు కదిలారు. ఆ సంగతి మీకు చెప్పాలి. ఎంత తొందరున్నా ముందున్న పశువుని సగంలో వదిలే మనిషి కాదాయన.

ఆ సాయంత్రం మా వసారాలో సభ జరిగింది. సాయిబు గారు, జట్కా ఆయన, డాక్టరుగారు, నేను. మధ్యలో పెళ్ళికొడుకులా మోటారు సైకిలు. ఒక్క పెద్ద డబ్బా బదులు రెండు చిన్న డబ్బాలు, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి. స్టాండు మీద మందంగా గొంగళి మడత. దాని మీదుగా వెడల్పాటి తోలు పట్టీలు. కిందుగా ఇంకో పట్టీ, గుర్రానికి పొట్ట కింద బిగించినట్టు. అది గొలుసుకి తగలకూడదని సాయిబు గారు, చక్రానికి తగలకూడదని జట్కా ఆయన చెరో పక్కా కూర్చుని వాదించుకున్నారు. పొగ గొట్టం వైపు డబ్బాని కాస్త పైకి లాగి, మధ్యలో రేకు అడ్డం కట్టాం. బండికి ఒక్క రంధ్రం పెట్టలేదు. ఒక్క అతుకు వెయ్యలేదు. తోలు పట్టీలన్నీ జట్కా ఆయనే కుట్టాడు.

స్టాండు మీద గొంగళి పరిచి ఉంది కాబట్టి నా సింహాసనం నాకు తిరిగొచ్చింది. డబ్బాల వల్ల కాళ్ళు బాగా ఎడంగా పెట్టుకోవాల్సి వచ్చేది, అంతే. దిగాక కాసేపు అలాగే నడిచేవాణ్ణి. మా ఆవిడ చూసి, “ఏనుగెక్కి వచ్చారా?” అనేది.

పరీక్షకి మొదట నన్ను ఎక్కమన్నారు. సాయిబు గారు ఒప్పుకోలేదు. “నా అతుకు, నేనే వింటాను” అని వెనక ఎక్కి కూర్చున్నారు. ఊరి బయట రాళ్ళ చేలో డాక్టరుగారు బండిని ఇష్టమొచ్చినట్టు ఎగరేశారు. సాయిబు గారు పక్కకి వంగి, డబ్బాకి చెవి ఆనించి, ఒక చేత్తో డాక్టరుగారి చొక్కా పట్టుకుని, “ఇంకా! ఇంకా!” అని కేకలు. తిరిగొచ్చేసరికి ఆయన తలమీది టోపీ లేదు, మొహం మీద నవ్వు మాత్రం చెవుల దాకా ఉంది. “బిడ్డ ఉయ్యాల్లో పడుకున్నట్టు పడుకుంది బాబూ” అన్నారు.

వానలు మొదలయ్యాయి. ఒక రోజు పొద్దున్నే కట్టలేరు వాగు అవతల కొండ కింది పల్లె నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. గేదెలకి గొంతు వాపు. ఒకటి చచ్చిపోయింది, ఇంకోటి గురక పెడుతోంది. ఆ పల్లెకి పైన కొండ మీద ఇంకో గూడెం. రెండు ఊళ్ళ పశువులూ ఒకే చోట మేస్తాయి. అంటే కింద పుట్టింది ఇవాళో రేపో పైకి పోతుంది. పాత రోజులైతే డాక్టరుగారు ఏదో ఒక ఊరిని ఎంచుకోవాలి. ఉన్న పెట్రోలుతో రెండూ తిరిగి రావడం జరగని పని. ఆ పొద్దున ఆయన ఎంచుకోలేదు. “రెండు డబ్బాలూ నింపించవయ్యా” అన్నారు, అంతే. బాగున్నవాటికి టీకా మందు, జబ్బుపడ్డవాటికి సల్ఫా మందు ఒళ్ళో పెట్టుకుని నేను ఎక్కాను.

మా పెనుగొలను మీదుగా పోతుంటే మా వాళ్ళు చూసి చేతులూపారు. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు మొలలోతున్నాయి. బండి దిగదు. అవతల ఒడ్డు నుంచి మనుషులు రెండు వెదురు బొంగులు పట్టుకుని దిగారు. బొంగుల మీద బండి పెట్టి భుజాలకెత్తుకున్నారు. ఉత్సవ విగ్రహంలా ఊరేగుతూ పోయింది. వెనకాల మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నేను, నిక్కరు తడుపుకుంటూ డాక్టరుగారు. మోసేవాళ్ళు అడుగు తడబడ్డప్పుడల్లా బండి ఒరిగింది గానీ డబ్బాలు మాత్రం అంగుళం జరగలేదు. “సాయిబు గారు చూడాల్సిందయ్యా” అన్నారు డాక్టరుగారు, నీళ్ళలోంచే.

అవతల బురదలో బండి తన దాహమంతా చూపించింది. పల్లె కనిపిస్తూ ఉండగానే ఆగిపోయింది. నేను గర్వంగా దిగి, చెంబు పట్టి, కుళాయి తిప్పాను. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. ఊదాను, తట్టాను. రాలేదు. డాక్టరుగారి మొహం వాడిపోయింది. చెత్త అడ్డం పడిందేమోనని ఆయన కుళాయిలో పుల్ల పెట్టి చూస్తున్నారు. నాకు పైన మూత మీద చెయ్యి పడింది. సాయిబు గారి పనితనం, చుక్క కారకుండా బిగుసుకుపోయి ఉంది. వదులు చేశాను. ‘స్స్’మని గాలి పీల్చుకుంది. కింద పెట్రోలు ధార కట్టింది. “కడుపుబ్బరం!” అని అరిచారు డాక్టరుగారు సంతోషం పట్టలేక. అది ఉబ్బరానికి సరిగ్గా తిరగేసిన జబ్బు, గాలి ఎక్కువై కాదు, గాలి అందక వచ్చింది అని నాకు తెలుసు, కానీ ఆ ఆనందంలో ఆయన్ని సరిదిద్దడం నాకు ఇష్టం లేకపోయింది.

గురక పెడుతున్న గేదె ఒక ముసలామెది. ఒక్కతే ఉంటుంది, ఒక్కటే గేదె. వాకిట్లో దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేం సూది తియ్యగానే అడ్డం వచ్చింది.

“వద్దు బాబూ. రాత్రి నుంచి గడ్డి పరక ముట్టలేదు. పోయేదాన్ని పోనీ. గుచ్చి బాధపెట్టొద్దు.”

డాక్టరుగారు ఆమె పక్కనే బురదలో కూర్చున్నారు. “మామ్మగారూ, వాపు ఇంకా గొంతు కిందే ఉందండి. ఛాతీకి దిగలేదు. నేను పోనివ్వనని చెప్పలేను. కానీ పోతుందని మీరు కూడా ఇప్పుడే చెప్పకూడదండి.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. తర్వాత గేదె చెవిలో ఏదో చెప్పింది. పక్కకి జరిగింది. మందు ఎక్కించాం. డాక్టరుగారు దాని మెడ నిమిరి, “ఓర్చుకోండి” అన్నారు. ఆ మాటకి మామ్మ కళ్ళొత్తుకుంది.

ఊళ్ళో మిగతా పశువులన్నిటికీ టీకాలు వేశాం. రెండో డబ్బా పెట్రోలుతో కొండెక్కాం. పైన గూడెంలో ఇంకా ఒక్క పశువుకీ వాపు లేదు. జబ్బుకంటే ముందు మేం చేరాం! ఆ ఉద్యోగంలో నేను చాలా ఏళ్ళు చేశాను, చాలాచోట్ల తిరిగాను. జబ్బుకంటే ముందు చేరిన రోజులు లెక్కపెట్టుకోవడానికి రెండు చేతుల వేళ్ళు చాలు. అక్కడ పశువుల్ని వరసగా నిలబెట్టి సూదులు వేస్తుంటే డాక్టరుగారు ఏదో పద్యం కూనిరాగం తీశారు. ఆయన గొంతు బాగుండదు. పశువులేమీ అనుకోలేదు.

పొద్దు వాలుతుండగా కిందికి దిగాం. మామ్మ వాకిట్లో ఆగాలంటే నాకు భయమేసింది. మందు వేసింది పొద్దున. ఏమైందో తెలియదు. డాక్టరుగారు కూడా బండి నెమ్మది చేశారు.

మామ్మ వాకిట్లోనే ఉంది. గేదె లేచి నిలబడి ఉంది. నిలబడింది గానీ తల వాల్చేసి, గడ్డి వైపు చూడ్డం లేదు. డాక్టరుగారు జ్వరం చూసి, గొంతు తడిమి, “వాపు తగ్గుతోందండి. మేత పడితే గండం గడిచినట్టే” అన్నారు. ఎప్పుడు పడుతుందో ఆయన చెప్పలేదు.

మామ్మ మా ఇద్దర్నీ చూసింది. తర్వాత ఒళ్ళంతా బురద కొట్టుకుపోయి, ఇరుపక్కలా డబ్బాలు వేలాడేసుకుని నిలబడిన మోటారు సైకిలుని చూసింది.

“పొద్దుటి నుంచీ ఇది కూడా తిరుగుతూనే ఉంది కదు బాబూ. మీరేదో తిన్నారు. దీనికేం పెట్టారు?”

నేను నవ్వబోయాను. డాక్టరుగారు నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. మామ్మ లోపలికెళ్ళి, కుండెడు కుడితి తెచ్చింది. తవుడు కలిపిన చిక్కటి కుడితి. బండి ముందు చక్రం దగ్గర పెట్టింది. డాక్టరుగారు చేతులు కట్టుకుని, “మహా ఉపకారమండి” అన్నారు. ఆ మనిషి మాటలో వెటకారం ఇసుమంతైనా లేదు.

తవుడు వాసన గాలికి అటు తిరిగింది. గేదె తలెత్తింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. బండి చక్రాన్ని కొమ్ముతో పక్కకి నెట్టి, కుండలో మూతి పెట్టి, గడగడా తాగడం మొదలుపెట్టింది.

“ఒసే, అది చుట్టానికి పెట్టిందే!” అంది మామ్మ, ఏడుస్తూ నవ్వుతూ.

డాక్టరుగారు బండిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగారు, గేదెకి చోటు చాల్లేదని.